ఇంట్లనే ఉండే రాధమ్మ

సిరిసిల్లలోని ఆ గల్లీలో నేత కార్మికుడెవరైనా చనిపోతే, శవం వీధి దాటేవరకు సాంచాలన్నీ బందు పెడతారు. ఆ మరమగ్గాల చప్పుడు ఆగిందంటే ఒక పనిమంతుడు పోయాడని అందరికీ తెలుస్తుంది. రాధమ్మ పాడె లేచిన నాడు మాత్రం అవి ఎప్పటిలాగే దడదడలాడుతూనే ఉన్నాయి.

మనవరాలు నవ్య కులపెద్ద కనకయ్య దగ్గరికి పరుగెత్తింది. "తాతా, మా నాయినమ్మ కోసం గడియసేపు ఆపుండ్రి."

"ఆమె సాంచా నడిపిందా బిడ్డా? ఇంట్లనే ఉండేది గద," అన్నాడాయన నెమ్మదిగానే.

ఎంత తేలికైన మాట! పదహారేళ్లకు షోలాపూర్ నుంచి కోడలిగా వచ్చిన మనిషి రాధమ్మ. ఆమె మాటల్లోని మరాఠీ యాస విని నవ్వేవాళ్లతో తానూ నవ్వింది. యాభై ఏళ్లు ఇంటి వసారాలో నిలబడి, తమ మగ్గాలకే కాదు, కనకయ్య సాంచాలకూ నూలు కండెలు చుట్టింది. కండెలో నూలు అయిపోతే ఎంత పెద్ద మగ్గమైనా నిలిచిపోవలసిందే. నూలు దుమ్ముకు దగ్గుతూ, మధ్యమధ్య పొయ్యి మీది అన్నం దించుతూ, ఆ గొడ్డుచాకిరీలోనే అరిగిపోయింది. పుట్టింటికి పోతానన్న ప్రతిసారీ "కండెలెవరు పెడ్తరు?" అనేవారు. కన్నతల్లి కడచూపు కూడా ఆమెకు దక్కలేదు.

మూడో నాడు మధ్యాహ్నానికి కనకయ్య సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన కండెల ఖాళీ గంప పట్టుకొని రాధమ్మ గుమ్మంలోకి వచ్చాడు. మైల ఇల్లన్న సంగతి కూడా మరిచాడు.

"నవ్యా, కాలేజీకి పోతలేవు గద. ఎట్లాగూ ఇంట్లనే ఉన్నవు, జర కండెలు పెట్టరాదు బిడ్డా."

నవ్యకు ఏడ్వడానికి కూడా ఓపిక లేదు. "మొన్న ఆపమంటే మీరు ఆపలే తాతా. ఇయ్యాల ఎందుకు ఆగినయి?"

కనకయ్య గంప పక్కన పెట్టి అరుగు మీద కూర్చున్నాడు.

పదో నాడు బంతి భోజనాలకు ముందు ఆయన లేచి నిలబడ్డాడు.

"రాధమ్మ వదినె పోయిన్నాడు నేను సాంచాలు బందు పెట్టలే. తప్పు జేసిన. ఇప్పుడు పెట్టినా ఆమెకు ఇనవడది. గా కండెల కాడ ఇంకా మన అమ్మలున్నరు, అక్కజెల్లెండ్లున్నరు. ఇంట్ల జేసినా పని పనే. జేసే మనిషి బతికుండంగనే ఆ మాట ఒప్పుకోండ్రి."