ఎల్లాజీ కుడి జేబులో నేను

నేను ఒక సీసపు గుండును. బరువు కిలో, పొగరు రెండు కిలోలు. పాత బ్యాటరీ కడుపులోంచి బయటపడి, భీమిలి దగ్గర ఒక పెరట్లో నూకరత్నం చేతిలో పుట్టాను. ఆవిడ సీసం కరిగించి ఇసుక గుంటలో పోసింది. చల్లారాక వల మూలకి కట్టి, "గట్టిగా కూకో, కదిలేవంటే సూడు" అంది. పన్నెండేళ్ళు కూర్చున్నాను. ఆ వల అడుగున నిలబడిందంటే అంతా నా చలవే.

తర్వాత తుఫానుకి పడవ ముక్కలైంది. నూకరత్నం మొగుడు ఎల్లాజీకి సముద్రం తప్ప వేరే పని రాదు. టూరిస్టులకు సముద్రం అడుగు చూపించే గైడు పని ఉందంటే, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని ఈత కొలనులో శిక్షణకు చేరాడు. పాసైన కాగితం చేతికొస్తే మళ్ళీ సముద్రం. రాకపోతే ఏ గోడౌన్ గేటు దగ్గరో కుర్చీ.

మొదటి రోజు మనిషి మునగనే లేదు, బెండులా తేలాడు. తోటివాళ్ళు పగలబడి నవ్వారు. క్యారేజీ తెచ్చి గట్టున కూర్చున్న నూకరత్నానికి ఒళ్ళు మండింది. వల తేలిపోతే ఏం చేస్తారు? గుండు కడతారు. మర్నాటి నుంచి రోజూ ఎవరూ చూడకుండా మొగుడు నీళ్ళలో వేసుకునే గాలి జాకెట్టు కుడి జేబులో నన్ను దూర్చేది. సిలిండరు మోసే మనిషికి కిలో తేడా ఏం తెలుస్తుంది?

శిక్షణ ఇచ్చే ప్రవల్లిక మేడం మాత్రం, పాపం, ఆయన ఒంటికి తగ్గట్టు నడుం పట్టీకి బరువులు కట్టింది. ఆ లెక్కలో నేను లేను.

అబ్బో, ఆ వారం నా వైభవం చూడాలి! పరీక్ష ఏమిటంటే, నీటి మధ్యలో ఒక్క నిమిషం పైకి లేవకుండా, కిందికి దిగకుండా, చేతులు ఆడించకుండా ఉండాలి. ఊపిరి పీలిస్తే కాస్త లేస్తారు, వదిలితే కాస్త దిగుతారు. నేనుండగా అంత సులువా? కుడివైపు ఒక్క లాగు లాగేదాన్ని. ఎల్లాజీ ఒరిగి అడుగున చతికిలబడేవాడు. కంగారుగా జాకెట్టులోకి గాలి నింపుకుంటే బుడగలా పైకి తన్నుకొచ్చేవాడు. రెండుసార్లు పరీక్ష పోయింది. నాకు మాత్రం నవ్వాగలేదు.

మూడోసారి దిగబోతుంటే మేడం ఆపింది. "ఎల్లాజీ గారూ, మీరెప్పుడూ కుడివైపుకే పడుతున్నారు. మనిషిని ఒరక్కుండా నిలిపేది చెవే, అందులో ఏదో తేడా ఉందని నా అనుమానం. డాక్టరు రాసిస్తే తప్ప ఇక నీళ్ళలో దింపను."

ఆయన ముఖం నల్లబడింది. "నీల్లల్లోకి దిగొద్దంటే నానెలా బతికేదమ్మా? పుట్టి బుద్దెరిగిన కాడ్నించి ఇదే కదా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ గొంతు విని నాకు సిగ్గేసింది.

"ఓలమ్మో! సెవి కాదమ్మా, తప్పు నాది!" నూకరత్నం పరుగున వచ్చి, జేబులోంచి నన్ను లాగి అందరి ముందూ పెట్టింది.

మేడం నన్ను చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏటే, నాను మనిసినా, వలనా?" అన్నాడు ఎల్లాజీ.

"తేలిపోతన్నావనే ఎట్టీసినాను మావా."

ఆయన మళ్ళీ దిగాడు. నేను నూకరత్నం పిడికిట్లో ఉన్నాను. గట్టున ఆవిడ ఊపిరి బిగబట్టింది. నీళ్ళలో ఆయన తాపీగా పీలుస్తూ, వదులుతూ, కాళ్ళు మడిచి కూర్చున్నట్టే ఉన్నాడు. నిమిషం గడిచింది. ఎటూ ఒరగలేదు. అదీ నేను లేకుండా!

పాసైన కాగితం ఇప్పుడు వాళ్ళ కిటికీలో ఉంటుంది. సముద్రపు గాలికి ఎగిరిపోకుండా నన్ను దాని మీద పెట్టింది నూకరత్నం. ఎవరొచ్చినా ఎల్లాజీ అది చూపించకుండా వదలడు. చూపించాలంటే మాత్రం ముందు నన్ను తీసి పక్కన పెట్టాలి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.