మూడు నీళ్ళు

జాలీ బుట్ట పైకెత్తి రెండుసార్లు విదిలించి, నూనె కారిపోయేదాకా ఆగింది ఆమె. ముంజేతి మీద పాత బొబ్బల మచ్చలు చుక్కలు చుక్కలుగా నల్లబడి ఉన్నాయి. పన్నెండేళ్ళుగా ఆ దుకాణంలో కోడిముక్కలు వేయించడమే ఆమె పని. అరగంటలో అమ్ముడుపోనివి పారేయాలి. వాటిలో రోజుకొక డబ్బా ఇంటికి తీసుకెళ్ళనిస్తాడు మేనేజరు.

ఆమె భర్తకు గుండె నీరసించి కాళ్ళు వాచాయి. ఉప్పు, నూనె విషంతో సమానమన్నాడు డాక్టరు. చేపలు, పళ్ళు, కూరగాయలు పెట్టమన్నాడు. ఆమె తలూపింది. తలూపడానికి ఖర్చు లేదు.

"అక్కా, ఇవాళ డబ్బా నిండా సర్దాను. బావగారికి పండగే!" అంది కౌంటరు దగ్గరి అమ్మాయి.

"ఆయనకి పండగ, నాకు పాపం," అంటూ నవ్వింది ఆమె.

సాయంత్రం చేపల కొట్టు ముందు ఆగి చిన్న చేప ధర అడిగింది. సగం రోజు కూలి. అదీ ఒక్క పూటకే. చేతిలో డబ్బా ఇంకా వెచ్చగా ఉంది. రోజూ కొనలేనిది ఒక్కరోజు కొంటే ఆయన నాలుకకు ఆశ, తనకు సిగ్గు మిగులుతాయనుకుంది. అది నిజమో, కాళ్ళు ముందుకు కదలడానికి తాను అల్లుకున్న సాకో ఆమెకే తేలలేదు.

"తీసుకుంటావా, చూసి పోతావా అమ్మా?"

"రేపొస్తాలే."

"నేనుంటాను. చేప ఉండొద్దూ!"

ఇంటికి రాగానే వంటగదిలో కూర్చుని ముక్కల మీది కరకరలాడే పొర గోటితో ఒలిచింది. వేడినీళ్ళలో ముంచి పిండింది. ఒక నీళ్ళు. రెండు నీళ్ళు. ఉప్పు కండలోకి దిగి ఉంటుందని ఆమెకు తెలుసు. దుకాణంలో ముందురోజే వాటిని ఉప్పునీళ్ళలో నానబెట్టేది ఆమే. అయినా రోజూ కడుగుతుంది.

నీళ్ళ చప్పుడు వినగానే పక్కగదిలోంచి ఆయన రోజూ కేకేస్తాడు: "ఏమోయ్, కోడికి స్నానమైందా? ఒళ్ళు తుడిచి పంపు, జలుబు చేస్తుంది!"

ఇవాళ రెండో నీళ్ళు పారబోసినా ఆ కేక రాలేదు. కునుకు పట్టిందేమో అనుకుంది. ఒక ముక్క చివర కొరికి చూసింది. ఇంకా ఉప్పగానే ఉంది. మూడోసారి కడిగి, చిల్లుల గిన్నెలో వేసింది.

"స్నానమైందండీ, లేవండి," అంటూ గదిలోకి వెళ్ళింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజం మీద చెయ్యి వేసింది. వేడినీళ్ళకు కందిన ఆమె వేళ్ళకు ఆ భుజం చల్లగా, బిర్రుగా తగిలింది. చెయ్యి తీయకుండా అక్కడే కూర్చుంది.

వంటగదిలో, చిల్లుల గిన్నెలోని తెల్లటి ముక్కల నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారుతూనే ఉన్నాయి.