మామను గెలిపించే ఆట

మధ్యాహ్నం పూట బేరాలు లేక కుళాయిల కొట్టు ఈగలు తోలుకుంటోంది. లోపల గల్లాపెట్టె వెనక మామ, బయట పైపుల కట్ట మీద అల్లుడు. ఇద్దరి చేతుల్లోనూ ఫోన్లు. ఒకే కొట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో బౌలింగ్ ఆడుతున్నారు. వేలితో తోస్తే బంతి చెక్కబాట మీద దొర్లుకుంటూ పోయి, చివర నిలబడ్డ పది పిన్నుల్నీ కూల్చాలి.

అల్లుడి కాలు ఒకచోట నిలవడం లేదు. మామ కొట్లోనే కొలువు, మామ ఇంట్లోనే కాపురం. ఇప్పుడు ఆలుమగలు వేరే ఇల్లు చూసుకున్నారు. ఆ మాట ఇవాళే మామ చెవిన వెయ్యాలి. ఆటలో గెలిస్తే తప్ప ఆయన మనిషిలా మాట్లాడడు. అందుకని అల్లుడు ఓడాలి.

తీరా చూస్తే ఆయన చేతిలో ఓడటమే గగనమైపోయింది. అల్లుడు బంతిని పక్క కాలువలోకి తోస్తే, మామ కూడా కాలువలోకే తోస్తాడు.

ఫోన్లో పెళ్లాం మెసేజ్: ‘చెప్పారా?’

“ఏమయ్యా, ఆడవేం?” లోపల్నించి కేక.

“ఆడుతున్నా మామయ్యా.”

“ఆడుతున్నావా, బంతికి జోల పాడుతున్నావా?”

అల్లుడు మళ్లీ కాలువలోకే తోశాడు. మామ ఒక్క పిన్ను పడగొట్టి, కొండను పిండి చేసినట్టు నవ్వాడు.

“చూశావా? ఈ కొట్టూ ఇలాగే నిలబెట్టా. నీ చేతిలో పెడితే ఈపాటికి కాలువలో కలిసేది.”

మళ్లీ మెసేజ్: ‘బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారా?’

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరి బంతిని తిన్నగా తోశాడు. పదికి పదీ కూలాయి.

లోపల కుర్చీ కిర్రుమంది. మామ బయటికొచ్చాడు.

“వేలు జారింది కదూ?”

పొరపాటున గెలిచినప్పుడల్లా అల్లుడు చెప్పే సాకే అది. ఊఁ అంటే చాలు.

“లేదు మామయ్యా. చూసే కొట్టాను. మేం వేరే కాపురం పెడుతున్నాం. ఇల్లు కూడా చూసేశాం.”

మామ కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తిట్లకు సిద్ధపడి అల్లుడు పైపు గట్టిగా పట్టుకున్నాడు.

“కుళాయి తిప్పి చూశావా?”

ఆ ఇంట్లో అల్లుడు గోడలు చూశాడు, కిటికీలు చూశాడు. పొద్దస్తమానం కుళాయిలమ్మే మనిషి, అక్కడ ఒక్క కుళాయి తిప్పలేదు.

“తిప్పలా?” మామ గోడకున్న పానా తీసి చేత పట్టుకున్నాడు. “షట్టరు దించు. పద, చూద్దాం.”

వీధిలోకి దిగాక ఫోన్ మళ్లీ మోగింది. ‘చెప్పారా లేదా?’

చెప్పాడు. కానీ కొత్తింటికి ముందు నడుస్తున్నది మామే. పానా ఊపుకుంటూ, దారి కూడా అడక్కుండా.