నీళ్ళ మీద సోఫా

సౌందర్య ఉద్యోగం కంప్యూటర్‌లో కుర్చీలు, బల్లలు గీయడం. బెంగళూరు కంపెనీ వాళ్ళు కొలతలు పంపితే, మాచర్లలో తన ఇంట్లోనే కూర్చుని, ఇంకా తయారుకాని సామానుకు తెరమీద రూపం తెస్తుంది. చూసి చూసి ఆమె కళ్ళకు కుర్చీల కాళ్ళు, చేతులు నిజంగా మనుషులవిలాగే కనబడేవి.

ఆ వానాకాలం తల్లి నాగలక్ష్మి పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేసింది. గురజాలలో ఒక విందులో ఆమె కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ విరిగింది. పడిన దెబ్బకన్నా చుట్టూ లేచిన నవ్వు ఎక్కువ తగిలింది. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా నిలబడే మాట్లాడి వచ్చేసేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ముసురు పట్టింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు బూడిదరంగు నీళ్ళలా గదంతా పరుచుకుంది. సౌందర్య కంపెనీ పని పక్కనపెట్టి, తన కోసం గీయడం మొదలుపెట్టింది. చేయి దానంతటదే కదిలినట్టుంది. మొదట తెరమీదికి నాయనమ్మ కొండమ్మ వచ్చింది, నడుమ జారిన నులక మంచంలా. క్వారీలో రాళ్ళు మోసి వంగిన వెన్ను ఆ జారులో ఉంది. తర్వాత అమ్మ వచ్చింది, వెడల్పాటి టేకు సోఫాగా. చివర తను, గోడకి ఆనించిన మడత కుర్చీగా.

టీ గ్లాసుతో వచ్చిన నాగలక్ష్మి తెర ముందు ఆగిపోయింది.

"ఇది నేనేనా?"

సౌందర్య తలూపింది.

"ఎవురు బడితే వాళ్ళొచ్చి కూర్చుని పోయేదాన్నా నేను?" అంది తల్లి. గొంతు పెంచలేదు. గ్లాసు అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎంత ప్రేమగా గీసిందో సౌందర్యకు తెలుసు. లేచి వెళ్ళి, వంటింటి పెరటి గడప మీద ఉన్న తల్లి పక్కన కూర్చుంది.

"ఎట్టా ఉండాలో నువ్వే చెప్పమ్మా."

నాగలక్ష్మి వాన వైపు చూసింది. "పెళ్ళి గాకముందు సాగర్ కాలవలో ఈదేదాన్ని. వెల్లకిలా పడుకుంటే నీళ్ళే మోసేయి. ఒంటికి బరువనేదే తెలిసేది గాదు. ఆ కాలవలో ఒదిలెయ్యి నన్ను. ఎవుర్నీ ఎక్కనీబాక."

ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. తల్లి చెబుతుంటే కూతురు రంగులు మార్చింది. సోఫా కింద నేల కరిగి కాలవ అయింది. టేకు మీద ఆకాశం పడింది. సోఫా వెడల్పు మాత్రం తగ్గించొద్దంది తల్లి.

మాటలు విని కొండమ్మ కూడా లేచి వచ్చింది. మంచం బొమ్మ మీదికి వంగింది.

"నులక బిగిద్దామా నాయనమ్మా?"

"ఎందుకే? వదులుగా ఉంటేనే పసిబిడ్డ దొర్లి పడదు. మీ నాయన్ని, నిన్ను అట్టాగే పెంచా." ఆమె వేలు పక్కకు జరిగింది. "ఇదేంది, మడిచి గోడకి పెట్టావు?"

"అది నేను. ఎక్కువ చోటు పట్టదు."

పుల్ల, పుల్ల అని చుట్టాలు పిలిచే ఆ సన్నటి మనవరాలి మణికట్టును కొండమ్మ తన గరుకు చేతిలోకి తీసుకుంది. "చోటుకేం కరువొచ్చిందే నీకు?" అంది.

ఆ కుర్చీని సౌందర్య మూడుసార్లు విప్పింది, మూడుసార్లు మడిచింది. చివరకు సగం తెరిచి వదిలేసింది. అంతకన్నా గీస్తే అబద్ధం అవుతుందనిపించింది.

సౌందర్య ఫోన్‌లో స్టేటస్‌గా పెట్టిన ఆ బొమ్మలు చూసి, గుంటూరులో ఆడవాళ్ళ బొమ్మల ప్రదర్శన పెడుతున్న షాహిదా కబురు చేసింది. దీపావళికి ముందు ముగ్గురూ బస్సెక్కి వెళ్ళారు.

హాలు చీకటిగా ఉంది. బొమ్మలను ప్రొజెక్టర్‌తో గోడ నిండా వేశారు. నులక మంచం ముందు కొందరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. నాగలక్ష్మి తన బొమ్మ దగ్గరకు నడిచింది. ఇంకా దగ్గరకు వెళ్ళింది. కాలవ వెలుతురు ఆమె చీర మీద, భుజాల మీద, పొట్ట మీద అలలుగా పాకింది.

"అడ్డం వచ్చారు, బొమ్మంతా మీ మీదే పడుతోంది. ఆ మిషన్ కాస్త జరపమంటారా?" అని షాహిదా మెల్లగా అడిగింది.

"ఉండనీయమ్మా, కాసేపు," అంది నాగలక్ష్మి కళ్ళు మూసుకుని.