మోకాళ్ళ మెట్ల మీద బకెట్టు

ఇరవయ్యో మెట్టు దగ్గర తమ్సిన్ మోకాళ్ళ కింది గోనెపట్ట సర్దుకుని, పైన మిగిలిన మెట్లకేసి చూసి ఒక తిట్టు తిట్టింది. రోజూ తిట్టేదే, ఆ మెట్టు దగ్గరే. మొత్తం నలభై ఒక్క మెట్లు. రేవు నుంచి ఊళ్ళోకి దగ్గర దారి అదొక్కటే. సముద్రం పోటెక్కినప్పుడల్లా కింది మెట్లకి నాచు పట్టేది. పై మెట్ల మీద నిన్నటి చేపల బుట్టల్లోంచి కారిన జిగురు ఉండేది. చారెడు ఇసుక చల్లి, బిరుసు బ్రష్షుతో ఆ చివర నుంచి ఈ చివర దాకా తోమి, ఒక మెట్టు పైకి జరగడం, ఇదీ ఆవిడ పని.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉండేది. ఉప్పునీళ్ళకి పగిలిన చేతులు, కాయలు కాసిన మోకాళ్ళు. ముక్కు కొనన ఒక చెమట బొట్టు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. అది ఎప్పుడు పడుతుందా అని చూస్తూ ఎదుటివాళ్ళు చెప్పే మాట మరిచిపోయేవారు. పద్నాలుగో ఏట మొదలుపెట్టింది. అంతకుముందు వాళ్ళమ్మ తోమింది, దానికి ముందు అమ్మమ్మ కెజియా.

మా ఊరు పోర్త్‌కెరన్‌లో వింత పేర్లకి కొదవ లేదు. ఉప్పు సందు, ఏడుపు మూల, మూగ చిలక పబ్బు. ప్రతి పేరుకీ మావాళ్ళు ఒక కథ చెబుతారు, ప్రతి కథలోనూ ఒక దొంగసరుకు ఓడ ఉండి తీరుతుంది. మా తాతలందరూ దొంగలేనని చెప్పుకోవడం మాకు అదో గొప్ప. ఈ మెట్లని మోకాళ్ళ మెట్లంటారు. వాటి పైన ఉన్న పబ్బు పేరు బోర్లా బకెట్టు. వాటికీ ఒక కథ తయారైంది. దాన్ని బెరిమన్ మాస్టారు ఒక చెక్కబల్ల మీద అందంగా రాయించి, ఇవాళ పదింటికి పబ్బు గోడకి కొట్టబోతున్నాడు. బడి నుంచి రిటైరయ్యాక ఆయన ఊరి చరిత్ర సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అప్పటి నుంచి మా ఊళ్ళో గోడలకి మనశ్శాంతి లేదు.

నిన్న తమ్సిన్ ఆయన దగ్గరికి వెళ్ళి అసలు సంగతి చెప్పింది. కెజియా మొగుడు ఈ మెట్ల మీదే చేపల బుట్టతో జారిపడి పోయాడు. పాతిపెట్టిన మర్నాడే కెజియా బకెట్టు, బ్రష్షు పట్టుకుని వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరూ రమ్మనలేదు. "నా మొగుడు జారాడు చాలు, ఇంకెవరి మొగుడూ జారక్కర్లేదు" అందట. పని అయ్యాక పబ్బు గుమ్మం ముందు ఖాళీ బకెట్టు బోర్లించేది. అంటే మెట్లు శుభ్రం, దిగొచ్చని. ఆ రోజు నుంచీ బకెట్టు బోర్లించందే ఊళ్ళో ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. మాస్టారు అంతా విని, "ఆధారం ఉందా?" అని అడిగాడు. "మా అమ్మ చెప్పింది" అంది తమ్సిన్. ఆయన పుస్తకంలో 'నోటిమాట' అని రాసుకుని పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు. ఆవిడకి ఆ పెన్సిలు విరిచేయాలన్నంత కోపం వచ్చింది. తన పేరు కోసం కాదు. అమ్మమ్మ పేరు ఒక్కసారి, ఒక్కచోట ఉంటే చాలు.

నలభై ఒకటో మెట్టు తోమేసరికి పది కావస్తోంది. పబ్బు పంపు కింద బకెట్టు నింపి పైనుంచి గుమ్మరించింది. నీళ్ళు మెట్లన్నీ కడుక్కుంటూ రేవులోకి పోయాయి. పైన ఆడవాళ్ళు ఖాళీ బుట్టలతో నిలబడ్డారు. కింద జాలర్లు నిండు బుట్టలతో నిలబడ్డారు. మాస్టారు బల్ల చంకలో, సుత్తి చేతిలో పెట్టుకుని వచ్చాడు. తమ్సిన్ బకెట్టుని మామూలుగా నేల మీద పెట్టి, పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది.

"అత్తా, మర్చిపోయావు. బోర్లించలేదు" అంది చేపలమ్మే జెన్నా.

"మర్చిపోలేదే."

కింద నుంచి జాలరి జోరీ కేకేశాడు. "ఏమైంది పైన? ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదురా, కాస్త ఓపిక పట్టు!" అని అరిచి, తమ్సిన్ ఇటు తిరిగింది. "మాస్టారూ, ఈ బకెట్టు ఎందుకు బోర్లిస్తారో బల్ల మీద రాయించారటగా. ఒక్కసారి చదివి పెట్టండి."

మాస్టారు గొంతు సవరించుకుని చదివాడు. దొంగసరుకు తెచ్చేవాళ్ళు పాపం పోవడానికి మోకాళ్ళ మీద ఎక్కిన మెట్లట. సరుకు దిగిందనడానికి గుర్తుగా బకెట్టు బోర్లించేవారట.

"మరింకేం! వాళ్ళనే పిలవండి, వచ్చి బోర్లిస్తారు."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"చేపలు ఎండకి ఉడుకుతున్నాయత్తా!" అని కింద నుంచి జోరీ.

"మాస్టారికి చెప్పు!"

"తమ్సిన్, నేను కాదనడం లేదు. చరిత్రకి ఆధారం కావాలి."

"కావాలా? అయితే కాస్త వంగండి."

గుమ్మం ముందు రాతి మీద గుండ్రంగా ఒక గాడి ఉంది. ఊరంతా రోజూ దాని మీదుగానే నడుస్తుంది. "అమ్మమ్మ బకెట్టు, అమ్మది, నాది, అన్నీ ఒకే కొలత. బోర్లించేది ఒకే చోట, అంచు కింద ఇసుక. రోజూ రాసుకుంటే అరగదూ? మీ దొంగలేమన్నా రోజూ పొద్దున్నే డ్యూటీకి వచ్చేవాళ్ళా?"

మాస్టారు మొండివాడే గాని, కొలతకి కట్టుబడే మనిషి. మోకాళ్ళ మీద కూర్చుని జేబులోంచి టేపు తీసి గాడి కొలిచాడు. బకెట్టు మూతి కొలిచాడు. మళ్ళీ గాడి కొలిచాడు. గాడి చుట్టూ ఒకసారి వేలు తిప్పి చూశాడు. చివరికి బల్ల వెనక్కి తిప్పి పెన్సిలు తీశాడు.

"మీ అమ్మమ్మ పూర్తి పేరు ఏమన్నావు?"

"కెజియా ట్రెగియర్. రాసి, పైకి చదవండి."

చదివాడు. వాళ్ళమ్మ పోయాక ఆ పేరు ఇంకొకరి నోట వినడం ఆవిడకి అదే మొదలు. చాలా సంతోషం వేసింది. ముక్కు మీది బొట్టు రాలింది. బకెట్టు ఎత్తి ఠప్పున బోర్లించింది. ఊరు కదిలింది.

పబ్బు యజమాని పాస్కో రోజూ ఇచ్చే అరగ్లాసు బీరుకి బదులు నిండు గ్లాసు తెచ్చి, గుమ్మం పక్క బెంచీ మీద కుంకుమపువ్వు బన్నుతో పాటు పెట్టాడు.

"సగం చాలురా. నిండుగా తాగితే రేపు మెట్లు ఎనభై రెండు కనిపిస్తాయి."

అయినా తాగింది. ఎండలో గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. బుట్టలతో ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, దిగేవాళ్ళు దిగుతున్నారు. జోరీ పైకొచ్చి ఎప్పటిలాగే ఒక చేప ఆవిడ పక్కన పెట్టి, "ఊరిని గంటసేపు ఆపేసి ఎంత హాయిగా నిద్రపోతోందో చూడండి" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నం పబ్బు పిల్లి బెంచీ ఎక్కి ఆ చేపని ఆవిడ మోచేతి పక్కనే తీరిగ్గా తిన్నది. ఆవిడ అదిలించలేదు. కిటికీలోంచి చూసిన పాస్కోకి అప్పుడు అర్థమైంది. గ్లాసు తుడిచే గుడ్డ భుజాన వేసుకుని మెల్లగా బయటికి వచ్చాడు.

మర్నాడు మాస్టారు తెల్లారేసరికే బల్ల తెచ్చి గోడకి కొట్టాడు. రంగు ఇంకా ఆరలేదు. కెజియా పేరు ఉంది. దాని కింద ఆమె కూతురిది, ఆ కింద తమ్సిన్‌ది. అడక్కుండానే రాశాడు.

పదింటికి పైన ఆడవాళ్ళు, కింద జాలర్లు వచ్చి నిలబడ్డారు. కింది మెట్ల నిండా నాచు, పై మెట్ల మీద నిన్నటి జిగురు. గుమ్మం ముందు, తన గాడిలో, నిన్న బోర్లించిన బకెట్టు మాత్రం, 'మెట్లు శుభ్రం, దిగండి' అంటూ అలాగే ఉంది.