జానెడు సందు

బంతి అడ్డకొలత జానెడు. నమ్మకపోతే చెయ్యి చాపి కొలుచుకోండి, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా. గోల్ పడడానికి అంత సందు చాలు.

ఆ శనివారం మాకు పడిన గోల్ అలాగే పడింది. ఇంకో మూడు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా అవతలి జట్టుకి ఫ్రీకిక్ దొరికింది. ఫ్రీకిక్ అంటే మావాళ్ళు అయిదుగురు బంతికీ గోల్‌కీ మధ్య భుజం భుజం కలిపి నిలబడతారు. దాన్ని గోడ అంటాం. గోడని నిలబెట్టే పని గోల్‌కీపర్‌ది, అంటే నాది. కొసన నిలబడేది కెప్టెన్. వాడు వెనక్కి తిరిగి నా చెయ్యి చూస్తాడు, నేనెటు ఊపితే అటు జరుగుతాడు, మిగతావాళ్ళు వాడికి అతుక్కుంటారు. ఆ రోజూ కెప్టెన్ నా చెయ్యి చూసే నిలబడ్డాడు. వాడి పక్కన పొడుగు. పొడుగు అనేది మా డిఫెండర్‌కి మేం పెట్టిన పేరు, ఆరున్నర అడుగుల మనిషి. పొడుగు కెప్టెన్ మోచేతిలోకి చెయ్యి దూర్చబోయాడు. కెప్టెన్ విదిలించుకున్నాడు. విదిలించుకుని పక్కకి జరిగాడు. జానెడు.

"సందు! సందు! దగ్గరికి జరగండ్రా!" అని గొంతు చించుకున్నాను. విజిల్ పడింది. నేను కదిలేసరికి బంతి నా వెనక వలలో ఉంది.

టీవీ కెమెరా ఎదుటి నుంచి చూస్తుంది. ఎదుటి నుంచి సందు కనపడుతుంది గానీ అది ఎవడు పెట్టాడో కనపడదు. వీపుల వైపు నుంచి గోడని చూసేది గోల్‌కీపర్ ఒక్కడే.

కెప్టెన్ ఎందుకు విదిలించుకున్నాడో చెప్పాలి. నెల కిందట మా జట్టు ఫోన్ గ్రూపులో ఒక ఫోటో పడింది. పార్కు బెంచీ మీద ఇద్దరు మగాళ్ళు, వెనక నుంచి తీసింది. ఒకడి తల రెండోవాడి భుజం మీద ఉంది. ఆ భుజం పొడుగుది. అంత మెడ ఊళ్ళో ఇంకెవడికీ లేదు. కింద నవ్వు బొమ్మలు పదిహేడు. అది నేను కాదని పొడుగు అనలేదు. అక్కడే తప్పు చేశాడన్నారు అందరూ. అబద్ధమాడి ఉంటే క్షమించేవాళ్ళట! ఇదీ వీళ్ళ నీతి.

అప్పటి నుంచి పొడుగు స్నానాల గదిలో అడుగుపెడితే నాలుగు షవర్లూ టక్కున ఆగిపోయేవి. ఒంటి మీద నురగతోనే తువ్వాళ్ళు చుట్టుకుని బయటికొచ్చేవాళ్ళు.

"పరిగెత్తండ్రోయ్, మానం దక్కించుకోండి!" అని ఒకడు.

"నీకేం భయంరా, నిన్ను మీ ఆవిడే తేరిపార చూడదు!" అని ఇంకొకడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాసుకోండి, నేనూ నవ్వాను. పొడుగు మాత్రం వెనక్కొచ్చి, వాళ్ళ స్నానాలన్నీ అయ్యేదాకా బెంచీ మీద కూర్చుని, వేడినీళ్ళు అయిపోయాక చన్నీళ్ళు పోసుకునేవాడు.

గోల్ కొడితే ఒకడి మీద ఒకడు పడి దొర్లేదీ వీళ్ళే, మెడలు కావిలించుకుని బుగ్గలు కొరికేదీ వీళ్ళే. అది మగతనం. పార్కు బెంచీ మీద ఒకడి భుజాన ఒకడు తల వాలిస్తే మాత్రం రోగం.

గ్యాలరీ సంగతి సరేసరి. పొడుగు కాలికి బంతి తగిలితే చాలు, "తేడా! తేడా!" అని అరుపు. అవతలి ఊరివాళ్ళే అనుకునేరు, మా జెర్సీలు తొడుక్కున్న మావాళ్ళూ అరిచారు. మిగతా పదిమందీ మైదానం మధ్యలో ఉంటారు, వాళ్ళకది హోరులా వినపడుతుంది. గోల్‌కీపర్‌కి గ్యాలరీ పది అడుగుల దూరం. ఏ గొంతు ఏమందో విడివిడిగా వినపడుతుంది.

ఇక నా సంగతి. నాకు ముప్ఫై ఆరేళ్ళు, జట్టులో అందరికీ తాతని. నేనూ పొడుగులాంటివాణ్ణే. పదిహేనేళ్ళుగా ఆ ముక్క నోరు దాటనివ్వలేదు. కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు అరగదీసే ఒకాయన ఉండేవాడు. మూడేళ్ళు కలిసున్నాం. నీ ఆట ఒక్కసారి చూడాలనుంది అన్నాడు. చూడు గానీ అవతలి గోల్ వెనక కూర్చో, నా వైపు చెయ్యి ఊపకు అన్నాను. సగం ఆట అయ్యాక జట్లు గోల్‌లు మార్చుకుంటాయన్న సంగతి, రోజూ అదే పనిలో ఉండేవాణ్ణి, నాకే గుర్తు రాలేదు. రెండో సగంలో ఆయన సరిగ్గా నా వెనక ఉన్నాడు. ఒకసారి దగ్గాడు కూడా. ఆ దగ్గు నాకు తెలుసు. నలభై అయిదు నిమిషాలు నేను వెనక్కి తిరగలేదు. ఆట అయ్యాక చూస్తే సీటు ఖాళీ. ఇంటికెళ్తే అలమరలో ఆయన అర ఖాళీ.

ఇప్పుడు నాకు మిగిలింది ఆదివారం అక్క ఫోన్.

"ఒరేయ్, ఒక సంబంధం ఉందిరా. అమ్మాయి లెక్కల టీచరు."

"నాకు లెక్కలు రావక్కా."

"నిన్ను పరీక్ష రాయమన్నానా? పెళ్ళి చేసుకోమన్నాను. నీ ఈడువాళ్ళ కొడుకులకి మీసాలొస్తున్నాయి."

"మోకాలు బాగవనీ, చూద్దాం."

"కాపురం మోకాలితో చేస్తావుట్రా?"

నవ్వి పెట్టేస్తాను. వచ్చే ఏడు ఆట మానేసి చిన్న గోల్‌కీపర్లకి నేర్పే ఉద్యోగంలో చేరాలి. మాట ఇచ్చారు. అప్పటిదాకా నోరు మూసుకుంటే చాలు.

సోమవారం మీటింగు. కోచ్ తెర మీద ఆ బొమ్మ ఆపాడు. అయిదుగురు మనుషులు, మధ్యలో సందు.

"ఇది ఎవడి పుణ్యం?" అన్నాడు.

"నేను తాత చెయ్యి చూసే నిలబడ్డాను సార్," అన్నాడు కెప్టెన్. "పొడుగే దూరంగా ఉండిపోయాడు. ఈమధ్య వాడి ధ్యాస ఎక్కడుందో మీకు తెలీనిదా?"

"నేను చెయ్యి వేయబోయాను సార్," అన్నాడు పొడుగు.

"అదేగా మా అందరి భయం!" అన్నాడు కెప్టెన్.

గది గొల్లున నవ్వింది. కోచ్ కూడా పెదవి కొరుక్కున్నాడు. తరవాత గంభీరంగా మొహం పెట్టి, "పొడుగుని ఉంచాలా పంపాలా అని పైవాళ్ళు అడుగుతున్నారు. తాతా, వెనక నుంచి చూసింది నువ్వే. చెప్పు," అన్నాడు.

ఒక్క ముక్క. కెప్టెన్ విదిలించుకున్నాడు. అంతే చెప్పాలి. కానీ చెబితే దాని వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: నీకెందుకంత మంట? పదిహేనేళ్ళుగా ఆ ప్రశ్నకి భయపడే నేను బతికాను.

"గోడ నేనే సరిగ్గా నిలబెట్టలేదు సార్," అన్నాను. "తప్పు నాది."

చప్పట్లు కొట్టారు. కెప్టెన్ లేచొచ్చి నా వీపు తట్టి, "పెద్దమనిషివి తాతా!" అన్నాడు. నిజం చెప్తున్నాను, ఒక గంటసేపు నేనూ అదే అనుకున్నాను.

గంట తరవాత స్నానాల గదికి వెళ్ళాను. పొడుగు ఒక్కడే ఉన్నాడు, చన్నీళ్ళ కింద.

"అన్నా, నువ్వు చూశావుగా?"

"చూశాను."

"మరి?"

"నీ మీద పడకూడదనే నా మీద వేసుకున్నానురా."

వాడు కుళాయి కట్టేశాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"నిన్ను ఎవడు నమ్మాడన్నా? పాపం తాత, వాడి తప్పు మోస్తున్నాడు అనుకుంటున్నారు. పొద్దున దాకా కెప్టెనో నేనో అని అనుమానమైనా ఉండేది. ఇప్పుడదీ లేదు."

"నేను మంచికే..."

"జాలి పడమన్నానా నిన్ను? చూసింది చూసినట్టు చెబుతావనుకున్నాను."

నా చేతిలో పొడి తువ్వాలు ఉంది. ఇవ్వాలని కూడా తోచలేదు. నేనూ నీలాంటివాణ్ణేరా అని నాలిక చివరి దాకా వచ్చింది. బయట వరండాలో ఎవరో బూట్లు టకటకలాడించుకుంటూ వెళ్ళారు. మింగేశాను.

గురువారం పొడుగుని ఎనిమిది గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఒక చిన్న జట్టుకి అరువిచ్చేశారు. మా ఆటలో మనుషుల్ని కూడా అరువిస్తారు, తెలుసుకోండి. బూట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. గేటు దాకా ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

తరవాతి మంగళవారం ప్రాక్టీసు. ఫ్రీకిక్‌లు. గోడలో ఒక మనిషి తక్కువయ్యాడు. కోచ్ ప్లాస్టిక్ బొమ్మ తెప్పించాడు. ప్రాక్టీసులో గోడకి వాడే బొమ్మ, మనిషి ఎత్తు, మొహం లేదు. దాన్ని పొడుగు నిలబడే చోట పాతారు. కెప్టెన్ నవ్వుతూ దాని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. దగ్గరికి లాక్కున్నాడు. నడుం కూడా పట్టుకున్నాడు.

"వీడు మంచోడ్రా," అన్నాడు. "వీడు మనమీద చెయ్యెయ్యడు!"

గోడ మొత్తం నవ్వుతో ఊగింది. నేను వెనక నుంచి చూస్తున్నాను. ఈసారి సందు లేదు. చీమ దూరే సందు కూడా లేదు.

గోల్ వదిలేసి నడుచుకుంటూ వాళ్ళ ముందుకి వెళ్ళాను. చేతి తొడుగులు తీసి నేలమీద పారేశాను.

"ఆ రోజు సందు పెట్టింది నువ్వు," అన్నాను కెప్టెన్‌తో. "వాడు చెయ్యి చాపాడు. నువ్వు విదిలించుకున్నావు. నేను చూశాను."

"తప్పు నాదని నువ్వే అన్నావుగా తాతా?"

"అబద్ధమాడాను."

"సరే, వాడెళ్ళిపోయాడు, గొడవ వదిలింది. ఇప్పుడు నీకెందుకంత మంట?"

వచ్చింది. పదిహేనేళ్ళు దాక్కున్నా నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"నేనూ వాడిలాంటివాణ్ణే కాబట్టి."

ఒక్కడూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కోచ్ చేతిలో విజిల్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, అది పాడైనట్టు. "సరే, సరే. మళ్ళీ మొదట్నుంచి," అన్నాడు. కెప్టెన్ ప్లాస్టిక్ బొమ్మ మెడ మీంచి చెయ్యి తీసేశాడు.

ప్రాక్టీసయ్యాక స్నానాల గదికి వెళ్ళాను. నాలుగు షవర్లూ ఆగిపోయాయి. నేల మీద నురగ, తడి అడుగులు తలుపు వైపు. నేనొక కుళాయి తిప్పాను. అందరూ సగంలో వెళ్ళిపోయారు కదా, వేడినీళ్ళు పుష్కలంగా ఉన్నాయి.

ఇంటికొచ్చి పొడుగుకి ఫోన్ చేశాను.

"చెప్పేశానురా. అన్నీ చెప్పేశాను. నా సంగతి కూడా."

నా సంగతేమిటని వాడు అడగలేదు. వాడికి ముందే తెలుసేమో.

"ఎప్పుడు?" అన్నాడు.

"ఇవాళ."

"నేనొచ్చేశాక."

"అవును."

"మంచిదన్నా," అన్నాడు. "ఉంటాను, ఇక్కడ భోజనానికి పిలుస్తున్నారు." పెట్టేశాడు.

బుధవారానికి పేపర్లో వచ్చింది. శుక్రవారం నాడు ఆఫీసుకి పిలిచి, ఉద్యోగం సంగతి తరవాత చూద్దాం, పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారో అన్నారు. ఆదివారం అక్క ఫోన్ చేయలేదు. నేను ఫోన్ ఎదురుగా పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. లెక్కల టీచరు గురించి అడిగినా బాగుండుననిపించింది.

తరవాతి శనివారం ఆట. నన్ను దింపక తప్పలేదు, రెండో గోల్‌కీపర్ వేలు విరిగింది. మొదటి సగమంతా వెనక నుంచి "తేడా! తేడా!" అని అరుపు. ఈసారి అది నాకు. విడివిడిగా వినపడింది. రెండో సగానికి గోల్ మారాక, పదిహేనేళ్ళలో మొదటిసారి ఆట మధ్యలో నేను వెనక్కి తిరిగి గ్యాలరీని చూశాను. ఒక్కో వరసా, ఒక్కో సీటూ వెతికాను. అద్దాలు అరగదీసే ఆయన లేడు. ఎందుకుంటాడు?

అప్పుడే ఫ్రీకిక్ దొరికింది అవతలివాళ్ళకి. పెనాల్టీ గీత దగ్గర. మావాళ్ళు అయిదుగురు గోడ కట్టారు. నేను స్తంభం పక్కన నిలబడి చెయ్యెత్తాను. రెండడుగులు ఎడమకి జరగాలి. కొసన ఉన్న కెప్టెన్ వెనక్కి తిరిగి నా చెయ్యి చూడాలి.

తిరగలేదు.

"ఎడమకి!" అని అరిచాను. "రెండడుగులు ఎడమకి!"

అయిదు వీపులు, అయిదు నెంబర్లు. గ్యాలరీ హోరులో నా గొంతు వాళ్ళదాకా వెళ్ళిందో లేదో. వెళ్ళింది. కెప్టెన్ మెడ కొంచెం బిగుసుకుంది, నాకు కనపడింది.

"ఇటు చూడండ్రా! ఒక్కసారి నా వైపు చూడండి!"

రిఫరీ విజిల్ ఊదాడు.