ఆర్లిస్ బావ పట్టిన బాస్

ఎరగా వాడే చిరుచేపల బకెట్లో వేడెక్కిన నీళ్లు పారబోసి, కొత్తనీళ్లు నింపి, ఒక ఐసుముక్క పడేసి, లోయెల్ రేవు వైపు తుపుక్కున ఉమ్మాడు. అక్కడ బాస్ చేపల వేటగాళ్లు పడవలు దింపుతున్నారు. తళుకుల రంగు పూసిన పడవలు, ఒంటినిండా కంపెనీల పేర్లున్న చొక్కాలు. చేపను పట్టి, ఫొటో దిగి, దాని మూతికి ముద్దుపెట్టి మళ్లీ నీళ్లలో వదిలేసే జనం. తినని చేప వెంటపడేవాణ్ణి లోయెల్ మనిషి కింద జమకట్టడు. ఆ మాటకొస్తే తినేవాళ్లనూ కట్టడు. క్రాపీ చేపల కోసం తన పడవెక్కే పట్నంవాళ్లకు గాలానికి ముడి వేయడం రాదు, నోరు మూసుకుని కూర్చోవడం అసలే రాదు. వాళ్లను తిప్పుతూ, వాళ్ల చేపలు కోసి శుభ్రం చేస్తూ, కెంటకీలోని ఆ సరస్సు మీదే అతను ముసలివాడైపోయాడు.

ఆ జూలై ఉదయం పడవెక్కింది మాత్రం బేరం కాదు, బావ. చనిపోయిన అక్క నోర్మా మొగుడు ఆర్లిస్. బడిబస్సు నడిపి రిటైరైన మనిషి. బక్కపలచని ఒళ్లు, చేటల్లాంటి చెవులు, ఎప్పుడూ ముక్కుతో ఒక కూనిరాగం. ఇతనిలో అక్క ఏం చూసి చేసుకుందో లోయెల్‌కు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆమె పోయాక పీడ వదులుతుందనుకున్నాడు. వదల్లేదు. శనివారం వచ్చిందంటే రేవులో నవ్వుతూ నిలబడి ఉంటాడు.

"పొద్దున్నే మొదలెట్టావా ఆ రాగం? చేపలు పారిపోతాయి."

"పోయిన వారం నోరు మూసుకునే కూర్చున్నా కదా. అప్పుడు మాత్రం ఏం పడ్డాయి?"

నీళ్లలో మునిగిన కొమ్మలకు సరిగ్గా పైన పడవ ఆపాడు లోయెల్. ఎండలు ముదిరితే క్రాపీలు చల్లదనం కోసం లోతుకు దిగి ఆ కొమ్మల్లో నక్కుతాయి. వాటి మూతి కాగితమంత పలచన, మెల్లగా ఎత్తాలి. ఆర్లిస్ బావిలోంచి చేద లాగినట్టు గుంజాడు. మూతి చిరిగి చేప జారిపోయింది. మళ్లీ గుంజాడు, మళ్లీ జారింది.

"అది బస్సు గేరు కాదు బావా. చేప."

ఆర్లిస్ గాలం చుట్టేశాడు. "ఒక్కసారి బాస్ కోసం పోదామా లోయెల్? ఇల్లు అమ్మేశాను. నెలాఖరుకి ఒహాయోలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నా. ఇన్నేళ్లూ ఈ నీళ్ల పక్కనే ఉండి, చెప్పుకోదగ్గ బాస్ ఒక్కటీ పట్టలేదు."

మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టయింది లోయెల్‌కు. "పో. నీ రాగం వినడానికి అక్కడ జనం వరస కట్టి ఉంటారు," అన్నాడు.

కానీ మోటారు తిప్పాడు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన పాతరోడ్డు అంచున ఒక చోటుంది. అక్కడ నేల ఒక్కసారిగా లోతుకు పడుతుంది. లోయెల్ ఎవరికీ చూపించని చోటు అది.

"నీకు పడిందంటే అది గుడ్డిచేపే అయ్యుండాలి," అన్నాడు, తనే ఎర గుచ్చి ఇస్తూ.

ఎండ నెత్తికెక్కుతుండగా పడింది. గాలపు కర్ర విల్లులా వంగింది. ఆకుపచ్చని ఒళ్లు నీళ్లు చీల్చుకుని పైకెగిరి, ఇంతేసి నోరు తెరిచి తల విదిలించింది.

"కర్ర పైకెత్తు, దద్దమ్మా! దారం వదులు చెయ్యకు."

లోయెల్ వంగి వల పట్టాడు. ఆర్లిస్ చేప కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని, రెండు చేతుల మీదా ఆనించి, తనివితీరా చూసుకుని నీళ్లలోకి వదిలేశాడు.

"రెండు పూటల కూర కదయ్యా!"

"నేనెలాగూ పోతున్నాను. అదన్నా ఉండనీ."

ఆర్లిస్ టోపీ కళ్ల మీదికి లాక్కుని ముందుసీటులో వెనక్కి వాలాడు. లోయెల్ పడవ తిప్పి, దారి పొడుగునా తిట్టాడు. చేపను వదిలినందుకు తిట్టాడు. నోర్మా కట్టించుకున్న ఇంటిని పరాయివాళ్ల పాలు చేసినందుకు తిట్టాడు. జవాబు రాకపోయేసరికి మోటారు మోతను మించేలా గొంతు పెంచాడు.

"మాటవరసకైనా నన్ను అడగాలనిపించలేదా? నా ఇంట్లో వెనకగది ఖాళీగానే ఏడ్చింది కదా. నిన్నేమన్నా కొరుక్కు తింటానా?"

దానికీ జవాబు లేదు. పడవ రేవును తాకింది.

"తాడు అందుకో బావా."

ఆర్లిస్ అందుకోలేదు. పడవ కుదుపుకు అతని తల మెల్లగా భుజం మీదికి వాలింది. ఎరల కొట్టు నడిపే డార్లా పడవలోకి దిగి, అతని మెడ మీద వేళ్లు ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

అంబులెన్సు తొందరేమీ లేకుండా వెళ్లిపోయింది. కంపెనీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు దగ్గరికొచ్చి టోపీ తీశాడు. "ఏమైనా సాయం కావాలా పెద్దాయనా?"

"నీ పడవ పక్కకి తియ్యి. దారికడ్డంగా తగలడింది," అన్నాడు లోయెల్.

అందరూ వెళ్లాక పడవ కడగడానికి కూర్చుని, ఆర్లిస్ తెచ్చుకున్న ఐసుపెట్టె మూత తీశాడు. మైనపు కాగితంలో చుట్టిన రెండు శాండ్‌విచ్‌లు, బ్రెడ్డు మధ్యలో నోర్మా పెరటిమడిలో కాసిన టమాటా ముక్కలు. ఒకటి మామూలుదే. కట్టుడుపళ్లతో గట్టివి కొరకలేకపోతున్నానని లోయెల్ ఎవరితోనూ అనలేదు. రెండోదానికి నాలుగువైపులా గట్టి అంచులు కోసేసి ఉన్నాయి, టమాటా రసం ఊరి అది మెత్తగా, తడిగా ఉంది.